చంటిబిడ్డకు పోతపాలు: ఎప్పుడు, ఏవి, ఎలా?

గొల్లపల్లి అనే పేరుగల గ్రామాలు తెలుగునాట అనేకం వున్నవి. అదే పేరుతో ఒక గ్రామం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తరు సీమలో, తెలుగు ప్రాంతాల సరిహద్దులకు చేరువలో వున్నది. పూర్వపు బస్తరు జిల్లా నుంచి 1998లో దంతెవాడ జిల్లా, దానినుంచి 2012లో సుక్మా జిల్లా ఏర్పడినవి. కోంటా ప్రాంతానికి చెందిన గొల్లపల్లి ఇప్పుడు సుక్మా జిల్లాలోనిది. దోర్లా, గోండీ, తెలుగు, హల్బీ, హిందీ భాషలు కలగలసి వినిపించే సీమ అది.

గ్రామం పేరులో గొల్లలు, అంటే పశుపాలకులు వున్నారు. కాని బస్తరు గిరిజన తెగలలో అనేకులకు ఆవుపాలు పితికే ఆచారం పరంపరగా లేదు. పశువులను వారు ఎరువుకోసం, దున్నకం కోసం పెంచుకుంటారు. ఆవుపాలు దూడ సొత్తు అని వారి భావన. మైదానవాసులకు ఇది వింతగా తోచవచ్చు. శిశుపోషణకు సంబంధించినంతవరకు ఇందులో ఒక శాస్త్రీయ సత్యం ఇమిడి వున్నది. ఏ జీవి పాలు ఆ జీవి సంతానానికి తగిన విధంగానే రూపొందుతాయి.

నేడు రోడ్లు, సంతలు, దుకాణాలు విస్తరించినకొద్దీ శిశువుల పాలపొడి డబ్బా మారుమూల పల్లెలకూ చేరుతున్నది. చనుబాలు తాగుతున్న బిడ్డకు డబ్బాపాలు కూడా పట్టాలా, పట్టవలసివస్తే ఏ డబ్బా ఎంచుకోవాలి అనే ప్రశ్న హైదరాబాదు తల్లికి ఎదురైనట్లే గొల్లపల్లి తల్లికీ ఎదురుకావచ్చు. ప్రశ్న ఒక్కటే అయినా, తప్పటడుగు వేస్తే చెల్లించే మూల్యం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

తల్లిపాల విశిష్టత

ఆవుదూడ పుట్టిన కొద్ది గంటల్లోనే లేచి నిలబడుతుంది. మానవ శిశువు నిలబడి నడవడానికి ఏడాది పడుతుంది. ఈ తేడా పాలలోనూ కనిపిస్తుంది. నూరు మిల్లీలీటర్ల తల్లిపాలలో మాంసకృత్తులు సుమారు ఒక గ్రాము వుంటే, ఆవుపాలలో మూడు గ్రాములకు పైగా, గేదెపాలలో సుమారు నాలుగు గ్రాములు వుంటాయి. అవి దూడ వేగంగా కండపట్టడానికి ఉద్దేశించినవి. శిశువు లేత మూత్రపిండాలకు ఆ భారం తగదు. అందువల్లనే ఏడాది నిండేవరకు ఆవుపాలను గాని గేదెపాలను గాని బిడ్డకు ప్రధానాహారంగా వాడరాదంటారు.

ప్రసవించిన తొలి రోజుల్లో వచ్చే చిక్కని ముర్రుపాలలో రోగనిరోధక పదార్థాలు సమృద్ధిగా వుంటాయి. వాటిని పిండి పారబోయడం పొరపాటు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు సైతం అక్కరలేదు. పాలలోనే నూటికి 87 వంతుల వరకు నీరు వుంటుంది.

చాలడం లేదన్న భయం

పోతపాలు మొదలుపెట్టే తల్లులలో అధికసంఖ్యాకులు చెప్పే కారణం ‘పాలు చాలడం లేదు’ అన్నదే. బిడ్డ ఏడుపు ఒక్కటే దీనికి నిదర్శనం కాదు. మొదటి వారం గడిచాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, రెండు వారాలకు పుట్టిననాటి బరువును తిరిగి అందుకొని, ఆపై బరువు పెరుగుతూ వుంటే పాలు చాలుతున్నట్లే. అంగన్‌వాడీ కేంద్రంలోని తూనిక ఈ సందేహాన్ని తీర్చగలదు.

పాలు వూరడంలో ఒక సూత్రం వున్నది. బిడ్డ ఎంత చీకితే అంత వూరుతాయి. ఒక పూట డబ్బాపాలు పట్టితే ఆ పూట రొమ్ము పట్టడం తగ్గుతుంది. రొమ్ము పట్టడం తగ్గితే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే డబ్బా అవసరం పెరుగుతుంది. లేని కొరత ఈ విధంగా నిజమైన కొరతగా పరిణమిస్తుంది. దీనికి విరుగుడు కూడా ఆ సూత్రంలోనే వున్నది. రాత్రింబవళ్లు తరచుగా రొమ్ము అందిస్తే, బిడ్డ రొమ్ము పట్టే తీరును తెలిసినవారు సరిదిద్దితే, తగ్గిన పాలు చాలామందిలో తిరిగి వూరుతాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి పనిచేస్తున్న మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్త ఇందుకు తోడ్పడగలదు. మితానిన్ అంటే స్నేహితురాలని అర్థం.

నిజంగా అవసరమయ్యే సందర్భాలు

అయితే పోతపాలు పట్టిన తల్లులందరూ తప్పుచేశారనడం అన్యాయం. తల్లి మరణించినా, తీవ్రంగా జబ్బుపడినా, పాలద్వారా హాని చేయగల ఔషధాలు వాడుతున్నా, ప్రయత్నాలు ఫలించక బిడ్డ బరువు పెరగకున్నా ప్రత్యామ్నాయం తప్పనిసరి. పాలలోని చక్కెరను జీర్ణించుకోలేని అరుదైన పుట్టు వ్యాధులు గల శిశువులకు ప్రత్యేక ఆహారమే ప్రాణాధారం.

అటువంటప్పుడు కూడా ఒక వరుస వున్నది. మొదటిది తల్లి పిండి ఇచ్చిన పాలు. కూలికి వెళ్లే తల్లి శుభ్రమైన గిన్నెలో పాలు పిండి, మూతపెట్టి వెళితే అవి నాలుగు గంటలవరకు పనికివస్తాయి. రెండవది ఇతర తల్లుల దానంతో నడిచే పాలనిధి. ఈ విధమైన నిధి మనదేశంలో 1989లో బొంబాయిలోని సయన్ ఆసుపత్రిలో ఆరంభమైంది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ఏర్పడింది. ఆ సదుపాయం అడవి పల్లెలకు అందనిది. మూడవది డబ్బాపాలు.

డబ్బా వెనుక చరిత్ర

గేదెపాలు అధికంగా లభించే మనదేశంలో శిశువుల పాలపొడి తయారీ ఒక సమస్యగా వుండేది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదెపాలను శిశువులకు తగినట్లు మార్చే పద్ధతిని రూపొందించింది. గుజరాత్‌లోని ఆనంద్ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం దానిని ఆచరణలోకి తెచ్చింది. దిగుమతులపై ఆధారపడిన దేశానికి ఇది గణనీయమైన విజయమే.

కాని డబ్బా అవసరాన్ని మించి వ్యాపించడం ప్రపంచమంతటా ఆందోళన కలిగించింది. పేదకుటుంబాలలో పోతపాలవల్ల శిశుమరణాలు సంభవిస్తున్నాయని 1939లోనే సింగపూరులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఘాటుగా హెచ్చరించారు. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ పోతపాల విక్రయాలపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 దేశాలు, ప్రతికూలంగా ఒక్క దేశం ఓటు వేసినవి. భారతదేశం 1983లో జాతీయ నియమావళిని, 1992లో చట్టాన్ని తెచ్చింది. చట్టం 1993 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో మరింత కట్టుదిట్టమైంది. దీని ప్రకారం శిశువుల పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు, ఉచిత నమూనాలు, కానుకలు నిషిద్ధం. డబ్బాపై బిడ్డ బొమ్మగాని తల్లి బొమ్మగాని వుండరాదు. బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠమన్న వాక్యం ముద్రించి తీరాలి.

ఏ డబ్బా ఎంచుకోవాలి?

వైద్యుడు లేదా ఆరోగ్య కార్యకర్త అవసరమని చెప్పిన తరువాత ఎంపిక అంత కష్టం కాదు. ఆరు నెలల లోపు బిడ్డకు ఆ వయస్సుకు నిర్ణయించిన మొదటి దశ పాలపొడి సరిపోతుంది. అమ్మకానికి వచ్చే ప్రతి డబ్బా ప్రభుత్వ ప్రమాణాలకు లోబడి వుండాలి కనుక, ధర హెచ్చినంత మాత్రాన పుష్టి హెచ్చదు. సోయా పొడి, లాక్టోజు లేని పొడి వంటివి వైద్యుడు రాసిస్తేనే వాడాలి. టీలో కలిపే మామూలు పాలపొడి, చిక్కని తియ్యపాల డబ్బా శిశువుకు పనికిరావు. గడువు తేదీ, సీలు, డబ్బా సొట్టలు పరిశీలించి కొనాలి.

ఖర్చును ముందే లెక్కవేసుకోవాలి. నాలుగు కిలోల బిడ్డ పూర్తిగా డబ్బాపాలపైనే ఆధారపడితే రోజుకు సుమారు 600 మిల్లీలీటర్ల పాలు, అంటే 80 నుంచి 90 గ్రాముల పొడి కావాలి. 400 గ్రాముల డబ్బా అయిదు రోజులు కూడా రాదు. నెలకు ఆరేడు డబ్బాలు అవసరం. కూలి కుటుంబం దానిని పది రోజులకు సరిపెట్టాలని పలచగా కలిపితే బిడ్డ కడుపు నిండినట్లు కనిపిస్తుంది, ఒళ్లు మాత్రం చిక్కిపోతుంది. మురికి నీరు తోడైతే అతిసారం పట్టుకుంటుంది. గొల్లపల్లి తల్లికి మూల్యం అధికమనడం ఇందువల్లనే.

కలిపే విధానం, పట్టే విధానం

పాలపొడి సూక్ష్మజీవులు బొత్తిగా లేని పదార్థం కాదు. అందుచేత నీటిని తెర్లకాచి, అరగంట మించి చల్లారనీయకుండా, వేడి 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి కలపాలి. డబ్బాపై సూచించిన కొలత ప్రకారం ముందు నీరు, తరువాత డబ్బాలోని చెంచాతో తలకొట్టిన కొలత పొడి వేయాలి. గోరువెచ్చన అయ్యాక పట్టాలి. రెండు గంటలలోపు వాడని పాలు పారబోయాలి.

పాలసీసా, పాలపీక శుభ్రపరచడం కష్టం. మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నె ఇందుకు చక్కని ప్రత్యామ్నాయం. నోరు వెడల్పు కనుక తోమడం, ఉడికించడం సులభం. బిడ్డను పడుకోబెట్టి నోట్లో పోయరాదు. ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకొని గిన్నె అంచు పెదవికి ఆనిస్తే బిడ్డ తానే చప్పరిస్తుంది. రొమ్ము పట్టే బిడ్డకు ముందు రెండు రొమ్ములూ ఇచ్చి, చాలనంతమేరకే పోతపాలు ఇవ్వాలి. తల్లిపాలు పెరిగినకొద్దీ వాటిని తగ్గించాలి.

ఆరు నెలలు నిండాక ఖరీదైన మరో డబ్బా కోసం వెతకనక్కరలేదు. బస్తరులో మండియా పేజ్ అనే పలచని రాగిజావ ఇంటింటా కాస్తారు. అదే రాగిపిండిని చిక్కగా వండి, పప్పు, ఆకుకూర, గుడ్డు జోడించి తినిపిస్తూ, రెండేళ్లవరకు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించవచ్చు.

దూడ పాలను దూడకే వదిలే సీమలో బిడ్డ పాలు బిడ్డకు దక్కేటట్లు చూడడం తల్లి ఒక్కతె బాధ్యత కాదు. పచ్చి బాలింతకు కడుపునిండా తిండి, కొంత విశ్రాంతి, ధైర్యం చెప్పే మనిషి కావాలి. ఇంటివారు, ఇరుగుపొరుగు, ఆరోగ్య కార్యకర్త వీటిని సమకూర్చగలిగితే ‘ఏ డబ్బా కొనాలి’ అనే ప్రశ్న చాలా ఇళ్లలో తలెత్తనే తలెత్తదు. తలెత్తిన ఇంట మాత్రం, పైన చెప్పిన ఎరుకతో ఆ డబ్బాను తెరవాలి.