రక్తం ఎక్కించిన తరువాత పది రోజులు

గజపతినగరం నుంచి విజయనగరం ఎంతో దూరం కాదు. కాన్పు కష్టమైనా, రక్తహీనత ముదిరినా, రోడ్డు ప్రమాదం జరిగినా ఈ ప్రాంతపు కుటుంబాలు ఆ దారినే పరుగెత్తుతాయి. ఇంకా పెద్ద చికిత్స కావలసివస్తే విశాఖపట్నంలోని కె.జి.హెచ్.కు చేరుతాయి. రక్తం కోసం పడే ఆరాటం మనందరికీ తెలిసిందే. బంధువులకు ఫోన్లు, మస్జిద్‌కు వచ్చే యువకులకు కబుర్లు, ఎవరిది ఏ గ్రూపో వాకబు. సంచి చేతికి అందగానే ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని ఊపిరి పీల్చుకుంటాము. ఆ తరువాత రోగి శరీరంలో ఏమి జరుగుతున్నదో గమనించే అలవాటు మాత్రం మనకు తక్కువ.

ఒక బాలింతను ఊహించుకోండి. రెండు సంచుల రక్తం ఎక్కించుకొని క్షేమంగా ఇంటికి వచ్చింది. వారం గడిచాక కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగుకు మారింది, కొద్దిపాటి జ్వరం, విపరీతమైన నీరసం. ఇంట్లో పెద్దలు చూసి కామెర్లని తేల్చుతారు. పసరు మందు పోయిస్తారు, పథ్యం పెడతారు. అది నిజంగా కామెర్ల వ్యాధే కావచ్చు. కానీ వారం క్రితం ఎక్కించిన రక్తం వికటించడం వల్ల కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఎ, బి, ఓ గ్రూపులు, పాజిటివ్, నెగటివ్ అన్నీ సరిపోయినా ఇలా జరగడానికి కారణం ఉంది. ఎర్రకణాలపై ఇవిగాక కెల్, కిడ్, డఫీ వంటి గ్రూపులు మరెన్నో ఉన్నాయి. గతంలో గర్భం దాల్చినప్పుడో, రక్తం ఎక్కించుకున్నప్పుడో శరీరం పరాయి కణాలను గుర్తించి వాటిని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారు చేసుకొని ఉండవచ్చు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి తగ్గిపోయి పరీక్షకు అందవు. మళ్ళీ అదే రకం కణాలు లోపలికి రాగానే వేగంగా పెరిగి, ఎక్కించిన కణాలను విరగగొడతాయి. సాధారణంగా 3 నుంచి 14 రోజుల మధ్య ఇది బయటపడుతుంది. అప్పటికి రోగి ఇంట్లో ఉంటుంది, డాక్టరు ఆసుపత్రిలో ఉంటాడు. ఇంటివారు చెబితే తప్ప ఆయనకు తెలిసే మార్గమే లేదు.

ఇటువంటి సమాచారాన్ని సేకరించడానికి దేశంలో ఒక వ్యవస్థ ఉంది. 2012 డిసెంబరు 10న ‘హీమోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా’ ప్రారంభమైంది. రక్తమార్పిడి విషయంలో అప్రమత్తత అని దీని భావం. నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ దీనిని నడుపుతున్నది. రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వికటించిన సంఘటనను నిర్ణీత ఫారంలో రాసి, ‘హీమో-విజిల్’ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా అక్కడికి పంపుతారు. దాతలకు కలిగే ఇబ్బందుల నమోదు 2015 జూన్ 14న మొదలైంది. నోయిడా వరకూ దారి ఉన్నది సరే, ఆ దారి గజపతినగరంలోని ఒక మంచం దగ్గర మొదలవాలి. మొదటి మాట అక్కడ పుట్టకపోతే ఫారం ఖాళీగానే ఉంటుంది.

చెప్పడమంటే ఫిర్యాదు చేయడమని చాలామంది జంకుతారు. ‘మన ప్రాణం కాపాడినవారి మీద మాట పడుతుందేమో’ అని మొహమాటపడతారు. ఈ నమోదు ఎవరినీ శిక్షించడానికి కాదు, వివరాలు గోప్యంగా ఉంటాయి. ఇది ఎందుకు పనికివస్తుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. 1996 నుంచి అక్కడ ఇటువంటి నివేదికలు పోగుచేశారు. ప్లాస్మా ఎక్కించిన కొద్ది గంటలలోనే ఊపిరితిత్తులు దెబ్బతిని కొందరు మరణిస్తున్నట్లు, గర్భం దాల్చిన స్త్రీల ప్లాస్మాలో ఉండే ఒక రకం ప్రతిరక్షకాలతో దానికి సంబంధం ఉన్నట్లు వాటివల్ల తేటతెల్లమైంది. 2003 చివరి నుంచి ప్లాస్మాను వీలైనంతవరకు పురుష దాతల నుంచే సేకరించసాగారు. ఆ మరణాలు బాగా తగ్గాయి. (స్త్రీలు రక్తదానం చేయకూడదని దీనర్థం కాదు. వారి ఎర్రకణాలు ఎప్పటిలాగే వాడతారు.)

రక్తం ఎక్కుతున్నప్పుడే వికటిస్తే కాలవ్యవధి ఉండదు. మొదటి 15 నిమిషాలు అత్యంత కీలకం. చలి, వణుకు, జ్వరం, దురద, దద్దుర్లు, ఆయాసం, ఛాతీలో బిగుతు, నడుంనొప్పి, మూత్రం ఎర్రబడటం, కారణం తెలియని భయం, వీటిలో ఏది కలిగినా వెంటనే సిస్టరును పిలవాలి. మన ఇళ్ళలో ఆడవారు బాధను దిగమింగడాన్ని సబర్‌గా భావిస్తారు. మా దృష్టిలో ఇక్కడ అది సబర్ కాదు. సిబ్బంది రక్తాన్ని ఆపి, సెలైను కొనసాగించి, సంచిని గొట్టంతో సహా రక్తకేంద్రానికి పంపి పరీక్ష చేయిస్తారు. కనుక ఆ సంచిని ఎవరూ పారవేయనివ్వకండి.

ప్రాణం తీసే పొరపాట్లలో ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడం ముఖ్యమైనది. ఈ విషయంలో మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఒకే వార్డులో ఇద్దరు షేక్ ఫాతిమాలు ఉండటం వింత కాదు. ఆధార్‌లో ఒక పేరు, ఇంట్లో పిలుపు మరొకటి, కేసుషీటులో బేగం, చీటీలో బీబీ! ‘మీరు ఫాతిమాగారేనా?’ అంటే మగతలో ఉన్న రోగి ఎవరైనా తల ఊపుతుంది. ‘మీ పేరేమిటి?’ అని అడిగించుకోండి. పూర్తి పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు చెప్పి, సంచిపై ఉన్న పేరు, నంబరు, గ్రూపు కేసుషీటుతో సరిచూడమని కోరండి.

‘మా అన్న రక్తమే ఎక్కించండి’ అని పట్టుబట్టేవారూ ఉన్నారు. ప్రేమ మెచ్చదగినదే గాని, దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలు రోగి శరీరంలో నిలదొక్కుకొని ఆ శరీరంపైనే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదైనదే అయినా దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకం. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలలో ఈ అపాయం మరింత ఎక్కువ. రేడియేషన్‌తో శుద్ధి చేయనిదే అటువంటి రక్తం ఎక్కించకూడదు. అన్న రక్తాన్ని రక్తకేంద్రానికి ఇవ్వనివ్వండి, అది మరొకరికి ఉపయోగపడుతుంది.

పక్కనున్న మన్యంలో సికిల్ సెల్ వ్యాధితో బాధపడేవారికి జీవితంలో పలుమార్లు రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఎక్కించేకొద్దీ కొత్త ప్రతిరక్షకాలు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఒకసారి కనుగొన్న ప్రతిరక్షకం తరువాత పరీక్షలో కనిపించకపోయినా, దాని పేరు కాగితం మీద ఉంటే సాలూరు నుంచి వచ్చిన రోగికి విశాఖలో సరిపడే సంచినే వెదకి ఇవ్వగలరు.

డిశ్చార్జి సమయంలో ఏ తేదీన, ఏ గ్రూపు, ఎన్ని సంచులు ఎక్కించారో, ఏదైనా ఇబ్బంది కలిగిందో చీటీలో రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంచే ఫైలులోనే దానినీ ఉంచండి. రెండు వారాలలోగా కళ్ళు పచ్చబడితే పసరుకు వెళ్ళకముందు ఆ చీటీతో రక్తం ఎక్కించిన ఆసుపత్రికే వెళ్ళి, ‘మాకు ఫలానా తేదీన రక్తం ఎక్కించారు’ అని చెప్పండి.