ట్రాన్స్‌జెండర్ ఖైదీని ఏ బ్యారక్‌లో ఉంచాలి? రూల్స్ ఏం చెబుతున్నాయి?

రిమాండ్ పడిన మనిషిని పోలీసులు జైలు గేటు దగ్గర అప్పగించగానే సిబ్బంది తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మగవాళ్ల బ్యారకా, ఆడవాళ్ల బ్యారకా? చాలామంది విషయంలో ఇది అసలు ప్రశ్నే కాదు. కానీ వచ్చింది ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అయితే, ఆ రాత్రి క్షేమంగా గడుస్తుందా లేదా అన్నది ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది.

బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన 1894 జైళ్ల చట్టానికి తెలిసింది రెండే వర్గాలు. మహిళా ఖైదీలను మగ ఖైదీలకు కనిపించకుండా, వాళ్లతో మాట్లాడే వీలు లేకుండా వేరే భవనంలోనో, వేరే భాగంలోనో ఉంచాలని 27వ సెక్షన్ చెబుతుంది. జైళ్ల కట్టడం కూడా అలాగే సాగింది. హైదరాబాద్ చంచల్‌గూడలో మగవాళ్లకు సెంట్రల్ జైలు, ఆడవాళ్లకు ప్రత్యేక మహిళా జైలు ఉన్నాయి. ఈ రెండింటిలో ఇమడని వాళ్ల సంగతి ఆ పాత చట్టంలో ఎక్కడా లేదు.

ప్రమాదం రెండు వైపులా ఉంది

ఈ విషయంలో ఇతర దేశాల అనుభవం రెండు పాఠాలు చెబుతోంది. అమెరికాలో డీ ఫార్మర్ అనే ట్రాన్స్ మహిళను 1989లో మగవాళ్ల జైలులో సాధారణ ఖైదీల మధ్య ఉంచారు. అక్కడ తనపై అత్యాచారం జరిగిందని ఆమె కోర్టుకెక్కారు. ఖైదీకి తీవ్రమైన హాని జరిగే అవకాశం ఉందని తెలిసి కూడా అధికారులు పట్టించుకోకపోతే అది రాజ్యాంగ ఉల్లంఘనే అవుతుందని 1994లో ఆ దేశ సుప్రీంకోర్టు ఈ కేసులో తేల్చింది.

ఇంగ్లండ్‌లో జరిగింది ఇంకో రకం. గతంలో లైంగిక నేరాలు చేసిన ఒక ట్రాన్స్ ఖైదీని 2017లో మహిళల జైలుకు పంపారు. అక్కడ తోటి మహిళా ఖైదీలపై లైంగిక దాడులు జరిగాయి. 2018లో ఆ ఖైదీకి కోర్టు జీవిత ఖైదు వేసింది. పాత నేర చరిత్రను సరిగ్గా చూడకుండానే పంపినందుకు అధికారులు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఒక కేసు చూపించి ట్రాన్స్ మహిళలందరినీ మగ బ్యారక్‌లో వేయమనడం సరికాదు. ఇంకో కేసు చూపించి, ఏమీ చూడకుండా అందరినీ మహిళా జైలుకు పంపమనడమూ సరికాదు. మహిళా ఖైదీల భద్రత ఎంత ముఖ్యమో ట్రాన్స్ ఖైదీల భద్రతా అంతే ముఖ్యం. కాబట్టి వచ్చిన మనిషి ఎవరు, వాళ్ల మీద ఉన్న కేసు ఏంటి, ఎవరి వల్ల ఎవరికి ముప్పు అన్నది విడివిడిగా చూసి తేల్చడమే దారి.

మన దేశంలో పరిస్థితి ఏంటి?

తన జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తికే ఉందని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో చెప్పింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చింది. ఇక జైళ్ల విషయానికొస్తే, 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ అన్ని రాష్ట్రాలకూ ఒక సలహా లేఖ పంపింది. అందులోని ముఖ్యాంశాలు ఇవీ:

- ట్రాన్స్ మహిళలకు, ట్రాన్స్ పురుషులకు వేర్వేరు వార్డులు లేదా ఎన్‌క్లోజర్లు ఉండాలి.
- టాయిలెట్, స్నానాల గది విడిగా ఉండాలి.
- తనిఖీ చేసేది ఖైదీ కోరుకున్న జెండర్ సిబ్బంది గానీ, శిక్షణ పొందిన వైద్య సిబ్బంది గానీ అయి ఉండాలి. అదీ నలుగురి ముందు కాదు, చాటున.
- జైలు రిజిస్టర్‌లో ఆడ, మగతో పాటు ట్రాన్స్‌జెండర్ అనే కాలమ్ ఉండాలి.
- వారెంట్‌లో జెండర్ తప్పుగా పడితే, దాన్ని మార్పించుకోవడానికి సూపరింటెండెంట్ సాయం చేయాలి.

అయితే చిక్కు ఎక్కడంటే, జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం. కేంద్రం పంపింది సలహా మాత్రమే. 2023లో కేంద్రం తయారుచేసిన నమూనా జైళ్ల చట్టం కూడా రాష్ట్రాలు తమదిగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. అసలు జైళ్లలో ట్రాన్స్‌జెండర్ ఖైదీలు ఎంతమంది ఉన్నారన్న లెక్క కూడా 2020 సంవత్సరపు నివేదిక నుంచే జాతీయ గణాంకాల్లోకి వచ్చింది. లెక్కలోనే లేని వాళ్లకు వార్డు ఎవరు కడతారు?

వేరుగా ఉంచడమంటే ఒంటరిని చేయడం కాదు

హోంశాఖ లేఖలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. విడి వార్డు పేరుతో ట్రాన్స్ ఖైదీని పూర్తిగా ఒంటరిని చేయకూడదు, ఆ వార్డు వాళ్ల మీద ఇంకో మచ్చ కాకూడదు.

ఎందుకంటే చోటు లేని జైలులో అన్నిటికన్నా తేలికైన పని ఒక గదిలో పెట్టి తాళం వేయడమే. 'నీ భద్రత కోసమే' అంటారు. కానీ ఆ గదిలో మాట్లాడే మనిషి ఉండడు, పని ఉండదు, చదువు ఉండదు. కోర్టు విధించని ఒంటరి ఖైదును జైలు అధికారులు తమంతట తాము అమలు చేయడానికి వీల్లేదని 1978లోనే సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం రుజువు కాని విచారణ ఖైదీకి, కేవలం తన జెండర్ కారణంగా అలాంటి శిక్ష పడితే దాన్ని రక్షణ అనలేం.

హైదరాబాద్ మరచిపోకూడని చట్టం

నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇక్కడ ఒక చట్టం తెచ్చారు. 'నపుంసకుల' పేర్లు రిజిస్టర్‌లో రాసుకోవడం, ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయడం, రెండేళ్ల దాకా జైలులో పెట్టడం అందులో ఉన్నాయి. నిజాం పాలన పోయినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. వేసుకున్న బట్టలే నేరమైన చట్టం వందేళ్లకు పైగా ఉన్న చోట, పోలీసంటే, జైలంటే ఈ సమాజానికి ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు.

అరెస్టయితే ఏం చేయాలి?

రిమాండ్ కోసం మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడే తన జెండర్ ఏంటో, ఎక్కడ ఉంచితే ముప్పు ఉంటుందో స్పష్టంగా చెప్పాలి. లాయర్ ద్వారా అది రాతపూర్వకంగా ఇస్తే ఇంకా మంచిది. కలెక్టర్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఉంటే చూపించాలి. లేకపోతే దానికి దరఖాస్తు చేసుకోవడంలో సాయం చేయమని జైలు అధికారులను అడగొచ్చు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించాలి, లేదా 15100 నంబర్‌కు ఫోన్ చేయాలి.

జైలుకు పంపమని కోర్టు చెప్పింది కాబట్టి మనిషి స్వేచ్ఛ పోతుంది. ప్రాణం, పరువు పోగొట్టుకోమని మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు.