నిండిన పట్టికలో క్రొత్త గడి

ప్రవేశపు రిజిస్టరును ఎరుగని ఉపాధ్యాయుడుండడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అను గడులతో ఎనిమిది వందల మంది వివరములు వ్రాసి ముగించిన పిమ్మట, "ప్రతి విద్యార్థి రక్తవర్గమును గూడ నమోదు చేయవలెను" అని ఉత్తరువు వచ్చినదనుకొందము. గడి గీయుట సులభమే. కాని ఇదివరకే వ్రాసియున్న వరుసలలో, ఆ గడియందు ఏమి వ్రాయవలెను? కంప్యూటరులోని పట్టికలకును ఇదే చిక్కు కలదు.

సమాచారమును పరస్పర సంబంధము గల పట్టికలుగా భద్రపరచు పద్ధతిని ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించెను. ఇందు ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క విద్యార్థిని, ఒక్కొక్క నిలువువరుస ఒక్కొక్క వివరమును తెలుపును. ఎస్‌క్యూఎల్ అను భాషలోని 'ఆల్టర్ టేబుల్' ఆజ్ఞ క్రొత్త నిలువువరుసను చేర్చగలదు.

వెబ్‌సైటులు నిర్మించువారు తరచుగా ఈ ఆజ్ఞను తామే వ్రాయరు. 2005లో వెలువడిన జాంగో వంటి సాధనములు వారికి తోడ్పడును. ఇందు పట్టిక స్వరూపమును పైథాన్ భాషలో 'మోడల్' అను నమూనాగా వ్రాయుదురు. నమూనాలో ఒక పంక్తి చేర్చినంత మాత్రమున పట్టిక మారదు. పటములో గది గీచినంతనే ఇంటిలో గోడ లేవదు గదా!

అందుకు రెండు మెట్లు కలవు. మొదట 'మేక్‌మైగ్రేషన్స్' అను ఆజ్ఞ, నమూనాను పాత మార్పుల దస్త్రములతో పోల్చి, క్రొత్త మార్పును 0002, 0003 వంటి వరుస సంఖ్య గల దస్త్రములో వ్రాయును. పిదప 'మైగ్రేట్' అను ఆజ్ఞ పట్టికను మార్చి, ఆ దస్త్రము అమలయినట్లు వేరొక పట్టికలో గుర్తుంచును. అందుచేత ఒకే మార్పు రెండుమారులు జరుగదు. ఈ ఏర్పాటు 2014 నుండి జాంగోలోనే అంతర్భాగముగా నున్నది.

గడి ఖాళీగా నుండరాదని మనము నియమించి, నింపుటకు విలువ నీయనిచో, మొదటి ఆజ్ఞ ఆగి, "పాత వరుసలలో ఏమి నింపవలెను?" అని మనలనే అడుగును. పని త్వరగా ముగియవలెనని అందరికిని 'ఓ' వర్గమని వ్రాసితిమా, యంత్రము అభ్యంతరము చెప్పదు. కాని ఆనాటినుండి ఆ పట్టికలో నిజమేదో, పూరణమేదో ఎవ్వరును గుర్తింపజాలరు. ఆపదవేళ ఆ గడిని నమ్మినవాని గతి యేమి?

'తెలియదు' అనుటకు పట్టికలలో 'నల్' అను ప్రత్యేక గుర్తు కలదు. ఇది సున్న కాదు. పరీక్షకు రాని బాలునికి సున్న వేసినచో తరగతి సగటు పడిపోవును. 'నల్' ఉంచినచో ఎస్‌క్యూఎల్ సగటు కట్టునపుడు ఆ వరుసను లెక్కింపదు.

కావున మంచి మార్గమిది: మొదట 'నల్'కు అనుమతినిచ్చి గడిని చేర్చవలెను, తరువాత ఒక్కొక్కరిని విచారించి నిజమును నింపవలెను, అన్నియు నిండిన పిమ్మటనే ఖాళీ కూడదను నియమమును పెట్టవలెను. గడిని యంత్రము గీయును. అందలి సత్యమునకు పూచీ మనది.