పిలిస్తే పలకని బిడ్డ

కొందరు పిల్లలు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. తింటారు, నడుస్తారు, పరుగెత్తుతారు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడరు. తల్లి కళ్లలోకి చూడరు. కావలసిన వస్తువును వేలితో చూపించరు. తల్లి చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోతారు. బండి బొమ్మ ఇస్తే నడపరు. దాని చక్రాన్నే తిప్పుతూ కూర్చుంటారు. మిక్సీ మోతకు చెవులు మూసుకుని ఏడుస్తారు. కొందరికి వచ్చిన మాటలు కూడా పోతాయి.

ఇలాంటివి కొన్ని కలిసి కనిపిస్తే అది ఆటిజం కావచ్చు.

ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో తేడా. చాలావరకు అది బిడ్డ కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. అది అంటువ్యాధి కాదు. దిష్టి కాదు, గాలి సోకడం కాదు. తల్లి సరిగా పెంచకపోవడం వల్ల వస్తుందని ఒకప్పుడు కొందరు డాక్టర్లు కూడా అనుకున్నారు. అది నిజం కాదని తర్వాత తేలింది. టీకాల వల్ల కూడా రాదు. టీకాలు మానకూడదు.

"వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే, అమ్మాయీ!" అని అత్తగారు అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ ఎదురుచూస్తే కాలం పోతుంది. చిన్న వయసులోనే నేర్పడం మొదలుపెడితే బిడ్డకు ఎక్కువ మేలు.

ముందు ఎక్కడికి వెళ్లాలి?

అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పాలి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని ప్రకారం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి సర్కారు బడికి రావాలి. అనుమానం ఉన్న పిల్లల్ని పెద్ద ఆసుపత్రికి పంపాలి. చాలా జిల్లాల్లో అక్కడ పిల్లల ఎదుగుదల చూసే కేంద్రం ఉంది. దాన్ని డి.ఇ.ఐ.సి. అంటారు. చెవులు బాగా వినబడుతున్నాయో లేదో చూస్తారు. మాటలు, పనులు నేర్పిస్తారు. డబ్బు కట్టక్కర్లేదు.

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ కూడా ఉంది. అక్కడ కూడా ఇలాంటి పిల్లల్ని చూస్తారు.

తల్లి నోటుబుక్కు

ఆటిజాన్ని చెప్పే రక్తపరీక్ష లేదు. డాక్టరు బిడ్డను గమనిస్తారు, తల్లిని అడుగుతారు. కంగారులో సగం మరచిపోతాం అనిపిస్తే ఇంటి దగ్గరే రాసి పెట్టుకోవాలి. ఎప్పుడు నడిచింది? ఎన్ని మాటలు వచ్చు? దేనికి భయం? దేనికి నవ్వుతుంది? అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. ఆ నాలుగు ముక్కలు డాక్టరుకు ఎంతో పనికొస్తాయి.

సర్టిఫికెట్టు

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 2016 చట్టంలో చేర్చారు. సర్టిఫికెట్టు కోసం మీసేవలో అడిగి పేరు రాయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయంలోనూ అడగవచ్చు. సర్టిఫికెట్టులో 40 శాతం, అంతకు మించి ఉంటే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ పింఛనును తెలంగాణలో 2023లో నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలు చేశారు. నిరామయ అనే బీమాలో చేరితే ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వైద్యం ఖర్చు వస్తుంది.

సర్టిఫికెట్టు మీద గడువు తేదీ ఉందేమో చదివి చూసుకోవాలి. ఉంటే ఆ తేదీ దాటక ముందే మళ్లీ వెళ్లాలి.

బడి, ఇల్లు

ఆటిజం ఉందని సర్కారు బడి బిడ్డను వెనక్కి పంపకూడదు. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్లు అక్కడ ఉంటారు.

ఇంట్లో రోజూ ఒకే వేళకు స్నానం, ఒకే వేళకు అన్నం పెడితే బిడ్డకు కంగారు తగ్గుతుంది. "దా, కూర్చో, తిను" అని చిన్న మాటలతో చెప్పాలి. కొట్టకూడదు. కొడితే భయం పెరుగుతుంది, మాట రాదు.

ఆటిజాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. "మూడు నెలల్లో నయం చేస్తాం" అని వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మకూడదు. ఆ డబ్బు బిడ్డను నేర్పించే చోటికి తీసుకువెళ్లే బస్సు చార్జీలకు పనికొస్తుంది.

చర్చించండి

1. మీ అంగన్‌వాడీకి డాక్టర్ల బృందం చివరిసారి ఎప్పుడు వచ్చింది? అడిగి, ఆ తేదీ రాయండి.
2. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడ ఉంది?
3. మాటలు రాని బిడ్డ ఉన్న తల్లి మీ వాడలో ఉందా? ఆమెకు ఈ పాఠం చదివి వినిపించండి.