కరెంటు పోయాక నీళ్లెక్కడికి?

సముద్రం ఏ దిక్కున చూసినా వందల కిలోమీటర్ల దూరంలో ఉండే చేవెళ్ల దగ్గరి ఆలూరులాంటి ఊళ్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం కొంచెం మొండి కోరికే. విశాఖ మత్స్యదర్శినికైతే ఎదురుగానే సముద్రం ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఆ వీలు లేదు. బోరు నీళ్లను ఆర్‌వోలో వడకట్టి, అక్వేరియం ఉప్పును లీటరుకు 35 గ్రాముల చొప్పున తూచి కలిపి, ప్రతి బకెట్టూ ఇంట్లోనే తయారు చేసుకోవాలి. పైగా ఇక్కడి ఫామ్‌హౌసుల్లో చాలావాటికి శని, ఆదివారాల్లో తప్ప మనుషులు రారు. గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇలాంటి చోట అక్వేరియం ప్లాను పంపు ఆగిపోయిన క్షణం నుంచి మొదలుపెట్టాలంటాను. పంపు ఎంత పెద్దది, స్కిమ్మర్ ఏ కంపెనీది అనే చర్చ తర్వాత పెట్టుకోవచ్చు.

ముందు ఈ ఏర్పాటేమిటో చూద్దాం. చేపలున్న అద్దాల తొట్టి పైన, దాని కింద చెక్క బీరువాలో ఇంకో చిన్న తొట్టి ఉంటాయి. ఆ కిందిదే సంపు. పైతొట్టిలో ఒక మూల గానీ వెనక వైపు గానీ చిన్న అడ్డుగోడ కట్టి, దాని అంచు మీదుగా నీళ్లు పొర్లి పైపులో పడేలా చేస్తారు. ఇదే ఓవర్‌ఫ్లో. పైపులోంచి దిగిన నీళ్లు సంపులో గది తర్వాత గది దాటుతూ మురికి వదిలించుకుంటాయి. స్కిమ్మర్ అనే పరికరం నురగ పుట్టించి చేపల విసర్జనలో కొంత భాగాన్ని ఆ నురగతోపాటు బయటికి తీసేస్తుంది. చివరి గదిలోని పంపు శుభ్రమైన నీళ్లను మళ్లీ పైకి ఎక్కిస్తుంది. నీళ్లు దిగడానికి కరెంటు అక్కర్లేదు, ఎక్కడానికి మాత్రం కావాలి. మిగతా లెక్కంతా ఈ తేడాలోనే ఉంది.

ఓవర్‌ఫ్లో అంచు పనిచేసే తీరు చెరువు మత్తడి తీరే. చెరువు నిండాక మిగులు నీరు మత్తడి దూకుతుంది. మత్తడి ఎంత పొడవుంటే దాని మీద నీటి పొర అంత పల్చన, కట్ట మీద ఒత్తిడి అంత తక్కువ. గంటకు 1,500 లీటర్లు పొర్లే అక్వేరియంలో అంచు పొడవు 30 సెంటీమీటర్లయితే నీళ్లు దాని మీద దాదాపు 8 మిల్లీమీటర్ల మందాన నిలుస్తాయి. పొడవు 60 సెంటీమీటర్లయితే 5 మిల్లీమీటర్లు చాలు. చేపలు జారిపోకుండా దువ్వెన పళ్లు పెడితే దారి ఇరుకై ఆ మందం మళ్లీ పెరుగుతుంది. పంపు ఆగగానే ఈ పొరంతా కిందికి దిగాల్సిందే. మొయినాబాద్‌కు చెరో పక్కన ఉన్న రెండు జలాశయాలు గుర్తున్నాయి కదా. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను పట్టి మెల్లగా వదిలేందుకు కట్టినవవి: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరదను పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. సంపుదీ అదే సంగతి. అది ఎన్ని నీళ్లు పడుతుందని కాక, పనిచేస్తున్నప్పుడు అందులో ఎంత ఖాళీ మిగిలిందని అడగాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పైతొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు అనుకుందాం. ఇందులో ఒక్క సెంటీమీటరు నీటి మట్టమంటే 5.4 లీటర్లు. పంపు నీళ్లు తెచ్చి వదిలే పైపు మూతి నీటి మట్టానికి 5 సెంటీమీటర్ల లోతున ఉందనుకోండి. కరెంటు పోగానే ఓవర్‌ఫ్లో అంచు దాకా నీళ్లు దిగి ఆగిపోతాయనే చాలామంది అనుకుంటారు. కానీ పంపు పైపు వెనక్కి సైఫన్ అవుతుంది. మూతి గాలికి తేలేదాకా అదే పైపులోంచి నీళ్లు కిందికి జారుతూనే ఉంటాయి. అంటే 27 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెలో, పైపుల్లో ఉన్నవి ఇంకో 5 లీటర్లు వేసుకుంటే 32. సంపు 75 పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు అయితే దాంట్లో సెంటీమీటరుకు 2.6 లీటర్లు పడతాయి. కాబట్టి ఆ 32 లీటర్లకు మట్టం 12 సెంటీమీటర్లు లేస్తుంది. అంచుకు 3 సెంటీమీటర్లు వదిలేస్తే, మామూలుగా నడిచేటప్పుడు సంపులో నీళ్లు 25 సెంటీమీటర్లు దాటకూడదు. 105 లీటర్ల సంపు కొన్నవారికి నిజంగా దక్కేది 65 లీటర్లే. అదే మూతిని 2 సెంటీమీటర్ల లోతుకు పైకి తెస్తే దిగే నీరు 16 లీటర్లకు తగ్గుతుంది. ప్రవాహం అడుగుదాకా వెళ్లాలనో, పైపు కనపడకూడదనో మూతిని 20 సెంటీమీటర్ల లోతుకు దించితే మాత్రం 108 లీటర్లు జారతాయి. ఆ సంపు పూర్తి ఖాళీగా ఉన్నా అన్ని నీళ్లు పట్టవు.

నేల తడవడం దీంట్లో చిన్న నష్టం. సంపు పొర్లి 30 లీటర్ల ఉప్పునీళ్లు పోయాయనుకుందాం. కరెంటు వచ్చాక చివరి గదిలో మట్టం తగ్గిందని గుర్తించి ఆటోమేటిక్ టాప్-అప్ మంచినీళ్లు పోయడం మొదలుపెడుతుంది. అది ఆవిరైన నీటికి బదులు పోయడానికి పెట్టిన యంత్రం. పోయింది ఉప్పునీరో ఆవిరో దానికి తెలియదు. పైతొట్టి, సంపు కలిపి మొత్తం 313 లీటర్లలో 30 ఇలా మారితే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 31, 32 మధ్యకు పడిపోతుంది. మెల్లగా జరిగితే చేపలు ఓర్చుకుంటాయేమో గానీ, రొయ్యలకు, నత్తలకు ఇలాంటి హఠాత్తు మార్పు గండమే. శనివారం వచ్చి చూసేవారికి నేల ఆరిపోయి, నీటి మట్టం సరిగ్గానే కనిపిస్తుంది.

నాన్-రిటర్న్ వాల్వు పెడితే సరిపోదా అని ప్లంబర్ అడుగుతాడు. మంచినీళ్లయితే సరిపోయేదే. ఉప్పునీళ్లలో సున్నపు గూళ్లు కట్టుకునే చిన్న పురుగులు, గులాబీ రంగు కోరలైన్ నాచు వాల్వు రెక్క మీద పేరుకుంటాయి. రెక్కకూ అంచుకూ మధ్య ఒక చిన్న నత్త ఇరుక్కున్నా అది మూసుకోదు. పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేసి గాలి పీల్చేలా చేయడం ఇంకో పద్ధతి. అది వాల్వు కంటే నయమే, కానీ ఆ రంధ్రమూ నాచుతో పూడుతుంది. రెండూ పెట్టుకోండి, లెక్క మాత్రం అవి లేవనుకునే వేయండి. ఇన్వర్టర్ ఉంది కదా అనేవారికీ ఇదే జవాబు. బ్యాటరీ అయిపోగానే మళ్లీ మొదటికే వస్తాం. ఇన్వర్టర్ మీద మెయిన్ పంపు బదులు తొట్టిలోనే నీళ్లు తిప్పే చిన్న పంపు పెడితే తక్కువ వాట్లతో ఎక్కువసేపు ఆక్సిజన్ అందుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ప్రమాదం ఒకటుంది: కరెంటు ఉండి, దిగే పైపు మూసుకుపోవడం. అప్పుడు పంపు చివరి గదిని ఖాళీ చేసి ఆ నీళ్లన్నీ పైతొట్టికి ఎక్కిస్తుంది. చివరి గది 22 బై 35 సెంటీమీటర్లుండి, పంపు లాగగలిగే లోతు 18 సెంటీమీటర్లయితే అది 14 లీటర్లలోపే. పైతొట్టిలో మట్టం 2.6 సెంటీమీటర్లు పెరుగుతుంది. పైన 4 సెంటీమీటర్ల ఖాళీ వదిలి ఉంటే గట్టెక్కినట్టే. చివరి గది పెద్దదిగా ఉంటే మంచిదనుకుని రెట్టింపు చేసినవారు ఇక్కడ దెబ్బతింటారు. టాప్-అప్ మంచినీళ్లు తీసుకునే డ్రమ్ముకూ ఇదే హద్దు, ఎందుకంటే చివరి గది ఖాళీ అయినకొద్దీ టాప్-అప్ నింపుతుంది, పంపు ఆ నీళ్లనూ పైకి ఎక్కిస్తుంది. మిగిలిన ఖాళీలో పట్టేది 7 లీటర్లే కాబట్టి, పక్కన 40 లీటర్ల డ్రమ్ము పెట్టి హాయిగా ఊరెళ్లకూడదు. పెట్టక తప్పదంటే పైతొట్టిలో మట్టం పెరిగితే పంపునీ టాప్-అప్‌నీ ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఒకటి ఉండాలి. దిగే పైపుల విషయంలో బీన్ యానిమల్ అనే పేరుతో చలామణిలో ఉన్న మూడు పైపుల పద్ధతికే నా ఓటు. ఒకటి గాలి లేకుండా నిండుగా పారుతుంది, వాల్వుతో దాన్ని సరిచేస్తారు. రెండోది కొద్దిగా మిగిలిన నీళ్లు తీసుకుంటుంది. మూడోది ఎప్పుడూ పొడిగా ఉండి ఆపద కోసమే కాచుకుని ఉంటుంది. ఒక్క పైపుతో చప్పుడూ ఎక్కువే, భయమూ ఎక్కువే. అద్దానికి రంధ్రం వేయడం ఇష్టం లేక అంచుకు తగిలించే సైఫన్ పెట్టె కొనేవారున్నారు. గాలి బుడగలు చేరి ఆ సైఫన్ తెగితే పంపు మాత్రం ఆగదు.

రంధ్రం తొట్టి కట్టకముందే వేయించాలి. టఫెన్డ్ గ్లాస్‌కి వేయబోతే అద్దం మొత్తం ముక్కలవుతుంది, కాబట్టి ఆ గాజు ఏదో ముందే అడగాలి. సింటెక్స్ ట్యాంకులకు బిగించే ప్లాస్టిక్ ట్యాంక్ నిపుల్ లాంటిదే ఇక్కడా వాడేది, రబ్బరు వాషర్ మాత్రం మంచిది చూసుకోవాలి. ప్లంబర్ అలవాటు కొద్దీ తెచ్చే ఇత్తడి గేట్ వాల్వును వెనక్కి పంపేయండి. ఇత్తడిలో రాగి ఉంటుంది. ఉప్పునీళ్లలో అది కరిగి, కొద్ది మోతాదులోనే రొయ్యల్నీ నత్తల్నీ చంపేస్తుంది. యూపీవీసీ వాల్వు వాడాలి. స్విచ్‌బోర్డు బీరువా లోపల కాకుండా పక్క గోడకు ఎత్తులో పెట్టించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ తప్పనిసరిగా వేయించాలి.

ఇంత తంటా ఎందుకు, సంపు లేకుండా పెట్టుకోలేమా అనే ప్రశ్న న్యాయమైనదే. వంద లీటర్లలోపు తొట్టి, ఒక జత క్లౌన్ చేపలు అయితే పక్కకు తగిలించే ఫిల్టర్ చాలు, సంపు అక్కర్లేదు. అయితే ఎండాకాలంలో నీళ్లు వేగంగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. రోజుకు 3 లీటర్లు తగ్గితే ఆ తగ్గుదల సంపు చివరి గదిలో దాదాపు 4 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది, పైతొట్టి మట్టం కదలదు. కొలవడానికీ నింపడానికీ ఒకే చోటు దొరుకుతుంది. సంపు ఉంది కదా అని గట్టి పగడాలు తెచ్చిపెట్టుకునే ఆలోచన వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అవి రక్షిత జీవులు. మార్చేసిన నీళ్లను తోటలో పోయడం కూడా మానుకోవాలి. 30 లీటర్లలో కిలోకు పైగా ఉప్పుంటుంది, మామిడి మొక్క తట్టుకోదు.

అన్నీ బిగించాక మొదట మామూలు బోరు నీళ్లే నింపండి, ఉప్పు తర్వాత. పంపు నడుస్తుండగా సంపు అద్దం మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. స్విచ్ ఆపి, నీళ్లు నిలిచాక ఇంకో గీత గీయండి. మళ్లీ వేసి, ఓవర్‌ఫ్లో తనంతట తాను సర్దుకుంటోందో లేదో చూడండి. ఇలా కొన్ని సార్లు చేసి, తర్వాత నాన్-రిటర్న్ వాల్వు విప్పేసి, గాలి రంధ్రానికి టేపు అంటించి మళ్లీ ఆపండి. చివరగా పక్కనే ఒక మనిషిని స్విచ్ దగ్గర నిలబెట్టి, దిగే పైపుల మూతులు గుడ్డతో మూసి, పైతొట్టి అంచు దగ్గర నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూడండి. పొర్లితే చివరి గదిలో ఒక గాజు ముక్క అడ్డం పెట్టి దాన్ని చిన్నది చేయించాలి.