ఆ ఐదు రోజులూ ఈత మానాలా?

2016 ఆగస్టు 12న కృష్ణా పుష్కరాలు మొదలయ్యాయి. విజయవాడలో దుర్గా ఘాట్, పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం... పన్నెండు రోజులూ ఎటు చూసినా జనమే. పుష్కర స్నానానికి ఏ రోజు వెళ్లాలో తేల్చుకునేటప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు పంచాంగం ఒక్కటే చూడరు. ఆ వేళకి ‘బయట’ ఉంటామేమోనని వేళ్లమీద ఇంకో లెక్క కూడా వేసుకుంటారు.

ఆ పుష్కరాల మూడో రోజు, మన టైములో ఆగస్టు 14 ఉదయం, రియో ఒలింపిక్స్‌లో మహిళల 4×100 మీటర్ల మెడ్లే రిలే ఫైనల్ జరిగింది. చైనా నాలుగో స్థానంలో ఆగిపోయింది. పతకం చేజారిన ఆ జట్టులోని ఫు యువాన్‌హుయి నొప్పితో వంగిపోయి కనిపించింది. కడుపునొప్పా అని టీవీ విలేఖరి అడిగితే దాచుకోలేదు. క్రితం రాత్రే నెలసరి వచ్చిందని, నీరసంగా ఉందని, అయినా అది సాకు కాదని కెమెరా ముందే చెప్పేసింది. అదే ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో కాంస్యం గెలిచిన అమ్మాయి ఆమె. ఆ మాట విన్నాక చైనాలో చాలామందికి వచ్చిన మొదటి సందేహం: ‘ఆ రోజుల్లో నీళ్లలోకి ఎలా దిగింది?’ అక్కడా ప్యాడ్లే ఎక్కువ, టాంపన్ వాడేవాళ్లు తక్కువ.

ఆ సందేహం మన కృష్ణా డెల్టాలోనూ ఉంది. కాకపోతే బయటికి అడగరు. వేసవిలో పిల్లని ఈత శిబిరంలో చేర్పిస్తారు. గాంధీనగర్‌లోని సర్ విజ్జీ మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ కావచ్చు, ఏ అపార్ట్‌మెంట్ కొలనో కావచ్చు. వారం రోజులు హుషారుగా వెళ్తుంది. ఊపిరి బిగబట్టడం, కాళ్లు ఆడించడం పట్టుబడుతుండగా నెలసరి వస్తుంది. కోచ్ ఫోన్ చేస్తే ‘జ్వరం వచ్చింది సార్’ అంటుంది అమ్మ. తిరిగి వెళ్లేసరికి తోటి పిల్లలు లోతు వైపుకి వెళ్లిపోయి ఉంటారు. నెలరోజుల శిబిరంలో ఐదారు రోజులు పోతే పిల్లకి పట్టు తప్పుతుంది, పట్టు తప్పితే సిగ్గు మొదలవుతుంది. ఆ వేసవితో ఈత ఆగిపోయిన ఆడపిల్లలు మన చుట్టూ చాలామందే ఉన్నారు.

అడుగడుగునా కాలువలున్న నేల మనది. విజయవాడ మధ్యలోంచే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. 2017 నవంబరు 12న కృష్ణలో ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఇలాంటి చోట ఈత రావడం ప్రాణానికి అక్కరకొచ్చే విద్య. నెలసరి పేరు చెప్పి ఆ విద్యని మధ్యలో ఆపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పెద్దవాళ్ల మాటలో నిజం కొంత, భయం కొంత

‘ఆ రోజుల్లో చన్నీళ్లు తగిలితే ముట్టు గడ్డకడుతుంది, నడుము పట్టేస్తుంది’ అనే మాట వినని ఇల్లు లేదు. మన పెద్దవాళ్ల కాలంలో నీళ్లలో దిగొద్దనడానికి ఆధారం లేకపోలేదు. డెల్టా దిగువ ఊళ్లలో బావి తవ్వితే ఉప్పునీళ్లు. కాలువ నీళ్లతో నింపుకున్న మంచినీళ్ల చెరువే ఊరందరి గొంతూ తడపాలి. వాడుకోవడానికి పాత చీర గుడ్డ తప్ప వేరే గతి లేదు, మార్చుకోవడానికి చాటు లేదు. అలాంటప్పుడు ఆడవాళ్లు నీళ్లకి దూరంగా ఉండటం సబబే. ఇప్పుడు చెరువూ మారింది, గుడ్డా మారింది. భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

చన్నీళ్లకి రక్తం గడ్డకట్టి లోపలే ఉండిపోవడమనేది జరగదు. గర్భసంచి పొర విడివడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కండరాన్ని బిగిస్తాయి, నొప్పి వాటివల్లే. తేలికపాటి వ్యాయామం ఆ నొప్పిని తగ్గిస్తుంది, ఈత కూడా అలాంటిదే. నెలసరి మొత్తంలో పోయే రక్తం మామూలుగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. నీళ్లలో ఉన్నంతసేపు బయటి ఒత్తిడివల్ల స్రావం కాస్త నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. దగ్గినా, నవ్వినా, గట్టు ఎక్కినా బయటికి రావచ్చు. అందుకే ‘నీళ్లలో ఉంటే ఏమీ రాదులే’ అన్న ధైర్యమూ పనికిరాదు. తగిన రక్షణ కావాలి.

ప్యాడ్ ఎందుకు పనికిరాదు

ఇంట్లోనే చూడొచ్చు. కొత్త ప్యాడ్ ఒకటి విప్పి బకెట్ నీళ్లలో వేయండి. కాసేపటికే ఉబ్బి, బరువెక్కి, అంచులు మెలిక తిరుగుతాయి. కింది జిగురు పట్టు వదిలేస్తుంది. చించి చూస్తే లోపల జారుడుగా జెల్లీ ముద్దలు. తేమని పీల్చుకునేందుకు పెట్టిన పదార్థమది. దానికి రక్తమూ ఒకటే, కొలను నీళ్లూ ఒకటే. నీళ్లతోనే నిండిపోయాక రక్తానికి చోటేదీ?

ఆంధ్రప్రదేశ్‌లో ‘స్వేచ్ఛ’ పథకం 2021 అక్టోబరులో మొదలైంది. ప్రభుత్వ బడుల్లో, కాలేజీల్లో 7 నుంచి ఇంటర్ దాకా చదివే అమ్మాయిలకి నెలకి పది ప్యాడ్లు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు. 2018 జూలైలో ప్యాడ్లమీద జీఎస్టీ కూడా ఎత్తేశారు. రెండూ మంచి పనులే. అయితే మన చదువు ప్యాడ్ దగ్గరే ఆగిపోయింది. నీళ్లలోకి దిగే పిల్లకి ప్యాడ్ సరిపోదని ఎవరూ చెప్పలేదు.

సరిపోయేవాటిలో మొదటిది టాంపన్. వేలెడంత దూది చుట్ట, చివర దారం. యోనిలోపల ఉండి అక్కడే పీల్చుకుంటుంది. ఈతకి ముందు కొత్తది పెట్టుకోవాలి, బయటికి రాగానే తీసేయాలి. ఎందుకంటే దారం తడిసిపోతుంది. స్రావానికి సరిపోయేంత తక్కువ పీల్చేదే ఎంచుకోవాలి. 8 గంటలు దాటి ఉంచకూడదు. 1980లో అమెరికాలో, మరీ ఎక్కువ పీల్చే టాంపన్లు వాడినవాళ్లలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ బయటపడి, కొందరు చనిపోయారు. ‘రెలై’ అనే రకాన్ని మార్కెట్లోంచి వెనక్కి తీసుకున్నారు. ఈ జబ్బు చాలా అరుదు. కానీ టాంపన్ వాడే రోజుల్లో ఉన్నట్టుండి పెద్ద జ్వరం, వాంతులు, ఎండకి కమిలినట్టు ఒంటిమీద ఎర్రదనం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే అది తీసేసి ఆస్పత్రికి పరుగెత్తాలి.

రెండోది మెన్‌స్ట్రువల్ కప్పు, నా మొగ్గు దీనివైపే. మెత్తని సిలికాన్ గిన్నె. పీల్చదు, పట్టి ఉంచుతుంది. మడిచి లోపలికి పంపితే విచ్చుకుని గోడలకి అతుక్కుంటుంది, నీళ్లు దాదాపు చొరబడవు. స్రావాన్నిబట్టి 12 గంటల దాకా ఉంచుకోవచ్చు. వందల రూపాయల్లో దొరుకుతుంది, శుభ్రంగా వాడితే ఏళ్లపాటు వస్తుంది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష 43 అధ్యయనాలని కలిపి చూసింది. కప్పుతో లీకు ప్యాడ్లూ టాంపన్లతో సమానంగానో, తక్కువగానో ఉందని తేలింది. అదే ఏడాది కేరళలో, మనలాగే కాలువల ఊరైన అలప్పుళలో, మున్సిపాలిటీ ‘తింకళ్’ పేరుతో 5,000 కప్పులు ఉచితంగా పంచింది.

కప్పు మొదటిరోజే చేతికి రాదు. రెండు మూడు నెలసరులు పడుతుంది. కాబట్టి ముందు ఇంట్లో అలవాటు చేసుకోవాలి, కొలను గట్టున ప్రయోగాలు వద్దు. తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగకుండా అడుగుభాగం నొక్కితే గాలి చొరబడి పట్టు వదులుతుంది. కాపర్-టీ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం, లాగితే దాంతోపాటు అదీ జారి రావచ్చు. వాళ్లు డాక్టర్‌ని అడిగాకే వాడాలి. నెలసరికి ముందూ తర్వాతా కప్పుని ఐదు నిమిషాలకి తగ్గకుండా మరిగించాలి, పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ రెండూ ఇష్టంలేని పిల్లలకి పీరియడ్ స్విమ్‌వేర్ ఉంది. పీల్చే పొర కుట్టిన ఈత దుస్తులివి. చివరి రోజుల్లో, స్రావం తక్కువైనప్పుడు బాగానే పనికొస్తాయి. మొదటి రెండు రోజులకి వాటినే నమ్ముకోకూడదు. ఆ రెండు రోజులు గట్టుమీద వ్యాయామం చేయించినా నష్టంలేదు. నొప్పి బాగా ఉంటే ఇంట్లో ఉండటమూ తప్పుకాదు. ఉండాలా వెళ్లాలా అన్నది మాత్రం ఆ పిల్లే తేల్చుకోవాలి.

అమ్మలు అడగలేక ఆగే ప్రశ్న

‘పెళ్లికాని పిల్ల, అలాంటివి లోపల పెట్టుకుంటే ఎలా?’ కన్నెపొర గురించే ఈ దిగులు. అది సాగే పొర, అందులో సాధారణంగా దారి ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో తీరు. ఆటలు, సైకిల్, ఏవైనా దాన్ని మార్చవచ్చు. దాన్ని చూసి కన్యత్వం తేల్చడం శాస్త్రం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అత్యాచార కేసుల్లో రెండు వేళ్ల పరీక్ష చేయరాదని మన సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న గట్టిగా చెప్పింది. చిన్న సైజు కప్పుతో, సన్న టాంపన్‌తో ఏ వయసు అమ్మాయైనా మొదలుపెట్టొచ్చు. ఇబ్బందిగా ఉంటే బలవంతపెట్టొద్దు, అంతే.

దీనికంటే నాకు ఎక్కువ కలవరం కలిగించేది నెలసరిని వాయిదా వేసే మాత్ర. పుష్కరాలకీ పెళ్లికీ ఇంట్లోవాళ్ల శబరిమల ఇరుముడికీ చీటీ లేకుండా కొనుక్కొచ్చే నోరెథిస్టెరాన్ ఒక హార్మోను. రక్తం గడ్డకట్టే తత్వమున్నవాళ్లకి, కాలేయ జబ్బున్నవాళ్లకి అది ప్రమాదం తేవచ్చు. ఈత పోటీకోసమైనా సరే, డాక్టర్ రాసివ్వకుండా మింగకండి. కప్పు పేరెత్తితే భయపడి ఈ మాత్రని మాత్రం పిప్పరమెంటులా మింగేయడం మన ఇళ్లలో మారాల్సిన అలవాటు.

గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే ఈత సంగతి పక్కనపెట్టి పరీక్ష చేయించుకోవాలి. అసలే మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. ఇక కాలువల సంగతి: ఊరి మురుగు కలిసే నీళ్లలో నెలసరి ఉన్నా లేకపోయినా ఈత వద్దు. క్లోరిన్ వేసిన కొలను వేరు, ఈ కాలువ వేరు.

కొలను నడిపేవాళ్లు ఆడపిల్లల గదిలో గడియపడే తలుపు, సబ్బు, మూతున్న చెత్తబుట్ట పెట్టించాలి. కోచ్‌లు శిబిరం మొదటిరోజే ‘ఇలాంటి రోజుల్లో ఇవి వాడొచ్చు, రాలేకపోతే కారణం చెప్పక్కర్లేదు’ అని అందరి ముందూ ఒక్కమాట అనాలి. అమ్మలూ, అమ్మమ్మలూ, మీకో మనవి. ఈ వేసవిలో పిల్లని ఈతకి చేర్పించాలనుకుంటే కాస్ట్యూమ్, టోపీ, కళ్లద్దాలతోపాటు కప్పో టాంపనో కూడా కొనండి. రెండు నెలల ముందే కొనండి. కోచ్ ఫోన్ చేసినప్పుడు జ్వరమని చెప్పకండి.