రెక్క మెలి తిరిగితే అంతే!
పైపర్ కబ్... అమెరికాలోని లాక్ హేవెన్‌లో పుట్టిన పసుపుపచ్చ బుల్లి విమానం. దాని ఒళ్లంతా బట్టే! నాలుగో వంతు సైజులో మోడల్ చేసినా రెక్కల పొడవు దాదాపు 9 అడుగులు. ఆ చెక్క అస్థిపంజరం కట్టడానికి నెలలు పడితే, పాడుచేయడానికి ఒక్క సాయంత్రం చాలు.

పాలిస్టర్ బట్టను అంచుల్లో జిగురుతో అంటించి, చిన్న ఇస్త్రీపెట్టెతో వేడి చూపితే ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. ఆ సరదాలో ఒకవైపే బిగించుకుంటూ పోయారో, రెక్క మెలి తిరుగుతుంది. అలాంటి విమానం గాల్లోకి లేవగానే ఓ పక్కకి ఒరిగిపోతుంది. అందుకే పైనా కిందా కొంచెం కొంచెంగా బిగించాలి. మధ్యమధ్యలో రెక్కను వెనక నుంచి ఒక కన్ను మూసి చూడాలి. వంకర కనిపిస్తే చేత్తో ఎదురు మెలిపెట్టి పట్టుకుని, మళ్లీ వేడి చూపాలి.

ఇక రంగు. మెరుపు కోసం పూత మీద పూత వేయాలనిపిస్తుంది. ఆగండి! తోక దగ్గర పెరిగిన ప్రతి గ్రాముకీ ముక్కులో రెండు మూడింతల సీసం పెట్టాల్సొస్తుంది. ముందు పల్చటి డోప్‌తో నేత కన్నాలు పూడ్చాలి (ఇది ఇట్టే అంటుకునే సరుకు, కిటికీలు తెరిచే ఉంచండి). పసుపు కింద ఏ మచ్చా దాగదు కాబట్టి పల్చగా తెలుపు, దానిమీద పసుపు.

చివర్లో పక్కన ఆ నల్ల మెరుపు గీత. పసుపు బాగా ఆరాకే టేపు అంటించండి. తొందరపడితే టేపుతో పాటు రంగూ ఊడొస్తుంది.